కురోసె ఊరికి వచ్చిన చేతులు

కన్సుకెకు వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎక్కడికి వెళ్ళినా జనం అతన్ని ఒకే మాట అడిగేవారు. "ఇది ఎక్కడ పుట్టింది పంతులుగారూ? మొదట ఎవరికి వచ్చింది?"

దానికి అతని దగ్గర జవాబు లేదు.

జపాను దేశంలో మంచు బాగా పడే కొండల మధ్య మ్యోఎన్ అనే ముసలి సన్యాసిని ఉండేది. ఆమె దగ్గరికి రోగులు వచ్చేవారు. ఆమె మందు ఇచ్చేది కాదు, మంత్రం చదివేది కాదు. నొప్పి ఉన్నచోట రెండు చేతులూ ఆనించి, కళ్ళు సగం మూసుకుని కూర్చునేది. కాసేపటికి ఆ చోట వెచ్చదనం పుట్టేది. రోగం తగ్గినవాళ్ళు ఉన్నారు, తగ్గనివాళ్ళూ ఉన్నారు. తగ్గనివాళ్ళు కూడా మంచి నిద్ర తీసి లేచినవాళ్ళలా తేటగా ఇంటికి వెళ్ళేవారు.

ఇలాంటిదాన్నే పట్నాల్లో రేకి అంటున్నారనీ, దానికి సంఘాలు కూడా వెలిశాయనీ అప్పుడప్పుడూ కబుర్లు వచ్చేవి. మ్యోఎన్ విని ఊరుకునేది. తను చేసేదానికి ఆమె పేరేమీ పెట్టుకోలేదు. చెయ్యి వేయడం అనేది, అంతే.

కన్సుకె అంతకుముందు బడిపంతులు. విడవని తలనొప్పితో ఆమె దగ్గరికి వచ్చి, తగ్గాక వెళ్ళబుద్ధికాక మూడేళ్ళు అక్కడే ఉండిపోయాడు. నీళ్ళు మోశాడు, కట్టెలు కొట్టాడు, చెయ్యి వేయడం నేర్చుకున్నాడు. మూడో ఏడు ఆకులు రాలే కాలంలో మ్యోఎన్ అతన్ని పిలిచింది.

"కొండ కనుమ దాటి వెళ్ళు. అవతల ఏడు ఊళ్ళున్నాయి. ఒక్క ఊళ్ళోనూ వైద్యుడు లేడు. అడిగినవాళ్ళకి చెయ్యి వెయ్యి. నేర్చుకుంటామంటే నేర్పు."

"ఇది మీకు ఎలా వచ్చింది అమ్మగారూ? అడిగితే ఏం చెప్పను?"

"నాకు తెలియదు."

"అలా చెబితే ఎవరు నమ్ముతారు?"

"నిన్ను వెళ్ళి నమ్మించమన్నానా?" అంది ఆమె, ఏ విసుగూ లేకుండా.

మొదటి ఊళ్ళో కన్సుకె ఆమె చెప్పినట్టే చెప్పాడు. పెద్దమనిషి ఒకాయన శ్రద్ధగా విని, "ఎక్కడిదో తెలియనిదాన్ని ఒంటిమీదికి ఎలా రానిస్తాం?" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మిగిలినవాళ్ళూ వెళ్ళారు. ఆ రోజు కన్సుకె ఒక్కడే పశువుల కొట్టం పక్కన కూర్చుని చల్లటి అన్నం తిన్నాడు.

రెండో ఊళ్ళో అదే ప్రశ్న వచ్చింది. ఎదురుగా ముప్పైమంది దాకా ఉన్నారు. అతని నోరు తనంతట తానే తెరుచుకున్నట్టయింది.

"మా అమ్మగారు జలపాతం వెనకాల నలభై రోజులు అన్నం నీళ్ళు లేకుండా కూర్చున్నారు. ఆఖరిరోజు నీటిలోంచి ఒక వెలుగు వచ్చి ఆవిడ అరచేతుల్లో దిగింది. ఆవిడ దాన్ని నాకు అప్పగించారు. ఒకరు అప్పగిస్తే తప్ప ఇంకొకరికి రాదు."

ఎవరూ లేవలేదు. ముసలివాళ్ళు చేతులు జోడించారు. ఆ సాయంత్రం అతనికి వేడి అన్నం, కాల్చిన చేప పెట్టారు.

అక్కణ్ణించి కథ పెరిగింది. వెలుగుకు రంగు వచ్చింది, జలపాతానికి పేరు వచ్చింది. దీక్ష కూడా వచ్చింది. మనుషుల్ని వరసగా కళ్ళు మూసుకుని కూర్చోమని, వాళ్ళ వెనక్కి వెళ్ళి తలమీద, చేతులమీద తాకేవాడు. తాకించుకున్నవాళ్ళు చెయ్యి వెయ్యొచ్చు, మిగిలినవాళ్ళు వెయ్యకూడదు. ఇదంతా మ్యోఎన్ ఎప్పుడూ చెప్పలేదు. కానీ చెప్పకపోయినా ఆమె మనసులో ఉండే ఉంటుందని కన్సుకె తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. జనం నిజంగానే బాగుపడుతున్నారు కూడా. అతని చేతులు ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉండేవి.

కురోసె అనేది నాలుగో ఊరు. అక్కడ తోకుజి అని అడవిలో బొగ్గులు కాల్చి బతికేవాడు ఉన్నాడు. అతని భార్య హత్సు రెండు నెలలుగా మంచం పట్టింది. కన్సుకె వెళ్ళేసరికి తోకుజి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని రెండు పాదాలూ చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు కన్సుకె.

"కాళ్ళు చల్లబడతాయండి ఈవిడకి. ఇలా పట్టుకుంటే కాస్త కునుకు పడుతుంది."

కన్సుకె ఆ చేతులు చూశాడు. గీతల్లో, గోళ్ళ కింద బొగ్గుమసి. గుమ్మం దగ్గర ఊరివాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. వాళ్ళలో సగంమందికి పొద్దుటే అతను దీక్ష ఇచ్చాడు.

"దీక్ష లేని చెయ్యి రోగి మీద వెయ్యకూడదు. మంచికి బదులు చెడు ఎక్కుతుంది. ఇక ముట్టుకోకండి. ఐదు రోజులకోసారి నేనే వస్తాను."

తోకుజి నిప్పు తగిలినట్టు చేతులు తీసేసి చొక్కా చేతుల్లో దాచుకున్నాడు. "నాకు తెలియదండి. ఆ దీక్షేదో నాకూ ఇస్తారా?"

"ముందు ఆ మసి వదలనివ్వండి. మంచు కరిగాక చూద్దాం."

హత్సు కళ్ళు తెరిచి మొగుడివైపు చూసింది. మళ్ళీ మూసుకుంది.

అక్కణ్ణించి కన్సుకె మెట్ట అవతల ఊరికి వెళ్ళాడు. వెళ్ళిన మర్నాడే మంచు విరిగిపడి దారి మూసుకుపోయింది. తొమ్మిది రోజులు అక్కడే చిక్కుకున్నాడు. కురోసెలో రోగి ఉందని అతనికి ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది. దారి లేనప్పుడు ఏం చేస్తాం అనుకున్నాడు. ఆ ఊళ్ళో నలభైమందికి దీక్ష ఇచ్చాడు.

పదోరోజు మధ్యాహ్నం అతను కురోసె చేరాడు. తోకుజి ఇంటిముందు మంచు ఎత్తిపోస్తున్నాడు. కన్సుకెను చూడగానే పార వదిలేసి నేలకు తల ఆనించి దండం పెట్టాడు.

"హత్సు మొన్న పోయిందండి పంతులుగారూ. కానీ హాయిగా పోయింది. బాధ లేదు. అంతా మీ చలవ."

కన్సుకె అతన్ని లేవనెత్తబోయాడు.

"ఐదు రోజులకోసారి అన్నారు గానీ, ఆ మంచులో రోజూ ఎలా వచ్చారో ఏమో. మధ్యాహ్నం అయ్యేసరికి వచ్చేవారు. ఒక్కరోజు తప్పలేదు."

కన్సుకె ఒక అడుగు ముందుకు వేశాడు. "నన్ను చూశారా మీరు?"

"ముఖం చూడలేదండి. తెర వెనకాల కూర్చునేవారు కదా. చేతులే కనబడేవి. నేను పొయ్యి దగ్గర నుంచే చూసేవాణ్ణి, ముట్టుకోవద్దన్నారని. తడిచేతులు. మంచులో పడి వచ్చారు, ఆరబెట్టుకోను కూడా లేదే అనుకున్నాను. ఆఖరిరోజు టీ తాగమని పిలిచాను. మీరు పలకలేదు."

లోపలికి వెళ్ళి చూశాడు కన్సుకె. పరుపు మడిచి పెట్టేశారు. గాలి తగలకుండా తలవైపు నిలబెట్టిన మడత తెర మాత్రం అలాగే ఉంది. దాని వెనక్కి తొంగిచూశాడు. తెరకూ గోడకూ మధ్య జానెడు చోటు లేదు. పిల్లి కూడా పట్టదు.

గుమ్మంలో నిలబడి తోకుజి ఇంకా చెబుతున్నాడు.

"పోయేముందు నాకేసి చెయ్యి చాపిందండి. అటు మీ చేతులు ఉన్నాయి, ఆవిడ అంత నెమ్మదిగా ఉంది. మధ్యలో ఈ మసి చెయ్యి పెట్టి ఎందుకు చెడగొట్టాలని నేను లేవలేదు." తర్వాత మెల్లగా అడిగాడు. "మంచిపనే చేశానా?"

కన్సుకె తల కదిలింది. ఔనని కదిలిందో కాదని కదిలిందో అతనికే తెలియదు. తోకుజి దాన్ని ఔనని తీసుకున్నాడు. అతని ముఖం కొంచెం తేరుకుంది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చు కదండీ? పాతిపెట్టిన చోటు?"

"ముట్టుకోవచ్చు," అన్నాడు కన్సుకె.

ఆ ఇంట్లో అతను నిలవలేకపోయాడు. దక్షిణంగా వెళ్ళే బాట పట్టి గబగబా నడిచాడు. సాయంత్రం కాకముందే ఆరో ఊరు వచ్చింది. అతను అంతకుముందు ఎన్నడూ అడుగుపెట్టని ఊరు. ఊరి మొదట్లో ఒక ముసలామె ఎండకు గోడవారగా కూర్చుని ఉంది.

"మళ్ళీ వచ్చారేం నాయనా? ఇప్పుడేగా వెళ్ళారు?"

"ఎవరు వెళ్ళారవ్వా?"

"ఎవరేమిటి, మీరే." ఆమె బట్ట పైకి లాగి మోకాలు చూపించింది. "ఎండకి నా కళ్ళు చెదిరి ముఖం సరిగ్గా చూడలేదు కానీ, ఆ చేతులు నాకు తెలియవా. ఇంకా వెచ్చగానే ఉంది. కావాలంటే చూడండి."

కన్సుకె వంగి చెయ్యి పెట్టాడు. మోకాలు నిజంగానే వెచ్చగా ఉంది, పొయ్యి మీంచి దించిన గిన్నెలా. దానిమీద తన చెయ్యి చల్లటి ఏటిరాయిలా ఉంది. ముసలామె ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కుంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అతని ముఖం నిదానంగా చూసింది. గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి తలుపు జరిపేసుకుంది.

లోపలినుంచి గొళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది.

కన్సుకె వెనక్కి తిరిగాడు. రెండు రోజులు నడిచాడు. చేతులు చంకల్లో పెట్టుకున్నా, నిప్పు దగ్గర పెట్టుకున్నా వేడెక్కలేదు. కనుమ దగ్గర పొగమంచు దిగింది. తన అడుగుల చప్పుడుకు కాస్త ముందుగా ఇంకో అడుగుల చప్పుడు వినిపిస్తున్నట్టు ఉండేది. ఆగితే ఆగేది. అతను తలెత్తకుండా, కాళ్ళముందు నేలే చూసుకుంటూ కొండ ఎక్కాడు.

ఆశ్రమం చేరేసరికి మధ్యాహ్నం. మ్యోఎన్ వసారాలో కూర్చుని జారుడు తలుపుల కొయ్య గళ్ళ చట్రాలకు కొత్త కాగితం అంటిస్తోంది. కన్సుకె ఆమె ముందు సాగిలపడి మొత్తం చెప్పేశాడు. జలపాతం కథ, దీక్ష, మసి చేతులు, తెర వెనక చోటు, ముసలామె మోకాలు. ఏదీ దాచలేదు. చెబుతూ ఉంటే అతనికి తన గొంతు ఎవరిదోలా వినిపించింది.

"ఎవరు వస్తున్నారు అమ్మగారూ? నాకంటే ముందు ఎవరు తిరుగుతున్నారు?"

మ్యోఎన్ జిగురు కుంచె పక్కన పెట్టి, కాగితం లేని ఒక చట్రం అతని ముందు నిలబెట్టింది.

"ఇది పట్టుకో."

కన్సుకె రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆమె అవతలివైపు కూర్చుంది. కొయ్య గళ్ళలోంచి ఆమె రెండు చేతులూ అతనికి స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒక చేత్తో జిగురు రాస్తోంది, ఇంకో చేత్తో కాగితం సాపు చేస్తోంది. కింది గళ్ళ వరస తెల్లగా మూసుకుంది. తర్వాత దానిపై వరస.

అప్పుడు అతని వీపుమీద, రెండు భుజాల నడుమ, రెండు చేతులు ఆనాయి.

ముందు తడి తగిలింది. అది అంగీ దాటి ఒంటికి అంటింది. ఆ వెనకే వెచ్చదనం వచ్చింది. చట్రం అతని చేతుల్లో గడగడలాడింది.

"కదపకు. కాగితం ముడత పడుతుంది," అంది మ్యోఎన్.

"అమ్మగారూ, నా వెనకాల..."

"తెలుసు."

"తిరిగి చూడనా?"

ఆమె ఇంకో కాగితం అందుకుంది. అంచులు సరిచూసుకుంది.

"నాకు ఇరవయ్యారేళ్ళప్పుడు నా కూతురు పోయింది. ఆ చలికాలం నేను అన్నం ముట్టలేదు. వాకిట్లో మంచులో కూర్చునేదాన్ని, లోపలికి వెళ్ళేదాన్ని కాదు. ఒకరోజు ఇలాగే వచ్చాయి. నేనూ తిరిగి చూద్దామనే అనుకున్నాను."

"చూశారా?"

"లేదు."

"ఎందుకని?"

"వెచ్చగా ఉన్నాయి," అంది ఆమె.

కన్సుకె చట్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మ్యోఎన్ ఒక్కో వరస మూసుకుంటూ పైకి వచ్చింది. ఆఖరి గడి మూసుకుపోయి ఆమె ముఖం కనబడకుండా పోయింది. కాగితం వెనక ఆమె నీడ మాత్రం మిగిలింది. ఎప్పుడు పోయాయో, వీపుమీద ఆ చేతులు కూడా లేవు. తడి మాత్రం ఉంది.

"తోకుజి దగ్గరికి వెళ్ళు," అంది ఆ నీడ.

"నిజం చెబితే అతను తట్టుకోలేడు అమ్మగారూ. భార్య చెయ్యి చాపితే అందుకోలేదు. నా మాట విని. అది వట్టి మాట అని ఇప్పుడు ఎలా చెప్పను?"

"అతని చేతులు నువ్వు తీసుకొచ్చేశావు. వెళ్ళి ఇచ్చిరా."

కన్సుకె మళ్ళీ కనుమ దాటాడు. ఈసారి దారిలో ఏ చప్పుడూ వినిపించలేదు. అదే ఇంకా భయంగా అనిపించింది.

తోకుజి వాకిట్లో బొగ్గులు బుట్టలకు ఎత్తుతున్నాడు. కన్సుకె మంచులో మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"నేను రాలేదు తోకుజిగారూ. ఒక్కరోజు కూడా రాలేదు. ఆ తొమ్మిది రోజులూ మెట్ట అవతలే ఉన్నాను. ముట్టుకోవద్దన్నది మా అమ్మగారి మాట కాదు. నేను కల్పించింది. మీరు హత్సుగారి చెయ్యి పట్టుకుని ఉంటే ఏ చెడూ జరిగేది కాదు."

తోకుజి చేతిలో బొగ్గు ముక్క అలాగే ఉండిపోయింది. చూరు మీంచి మంచు జారి ధబ్బున పడింది.

"రాలేదా," అన్నాడు చివరికి. తర్వాత, "నా చెయ్యే అడిగింది," అన్నాడు.

కొడతాడేమోనని కన్సుకె తల వంచుకునే ఉన్నాడు. కొట్టినా బాగుండు అనుకున్నాడు. తోకుజి కొట్టలేదు, తిట్టలేదు. బొగ్గు ముక్కను బుట్టలో వేసి, గడ్డి చెప్పులు తొడుక్కుని, బొగ్గుల బట్టీ వెనక వాలు ఎక్కడం మొదలుపెట్టాడు. కాస్త దూరం వెళ్ళి వెనక్కి చూశాడు. రమ్మనలేదు, వద్దనలేదు. కన్సుకె లేచి వెంట నడిచాడు.

వాలు పైన, పైన్ చెట్ల కింద హత్సును పాతిపెట్టిన చోటు ఉంది. మోకాలి లోతు మంచు. అందులో పక్కపక్కన రెండు గుంటలు, అడుగున నల్లమట్టి కనబడేదాకా కరిగి ఉన్నాయి. ఒక్కోటీ అరచెయ్యంత. అంచుల్లో మసి మరకలు.

వాటికి ఎదురుగా, మూరెడు దూరంలో ఇంకో రెండు ఉన్నాయి. చిన్నవి. మసి లేదు. అంచులు గాజుపలకల్లా పలచగా, శుభ్రంగా ఉన్నాయి. వాటి వెనకాల కొండ పైదాకా మంచు చెక్కుచెదరలేదు. ఒక పక్షి కాలి గుర్తు కూడా లేదు.

"నేను చేతులు పెట్టిన మర్నాటికి అవి వచ్చాయి," అన్నాడు తోకుజి. "రోజూ ఇంకొంచెం లోతవుతున్నాయి. మీవనుకున్నాను ఇన్నాళ్ళూ."

కన్సుకె కాదన్నట్టు తల ఊపాడు.

తోకుజి మోకాళ్ళమీద కూర్చుని తన గుంటల్లో చేతులు పెట్టాడు. కళ్ళు మూసుకోలేదు. ఏమీ చదవలేదు. చలికాలం పొయ్యి దగ్గర కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. ఎండ చెట్ల మీదికి వాలింది. చాలాసేపటికి అతను పక్కకు చూసి, "వణుకుతున్నారేం?" అన్నాడు.

"చేతులు చల్లబడిపోయాయి."

తోకుజి తన చేతులు బయటికి తీశాడు. ఒక పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఇక్కడ పెట్టండి."

కన్సుకె ఆ మసి అంచుల మధ్యలోకి చేతులు దించాడు. అరచేతులు మట్టిని తాకాయి. మట్టి తడిగా ఉంది. వెచ్చగా ఉంది. అడుగునుంచి ఏదో అతని అరచేతులకు మెల్లగా ఆనింది.

అతను తలెత్తి ఎదురుగా చూడలేదు.